అక్క అడిగిన మధ్యమావతి

మా అక్కవాళ్ళ ఇంటి అరుగు మీద నా క్లారినెట్ పెట్టెకు ఒక చోటు ఉండేది. తలుపుకు ఎడమ పక్కన, స్తంభం మూల. నేను పోలీసు బ్యాండులో పనిచేసినన్నాళ్ళూ, చనిపోయిన ఉద్యోగులను లాంఛనాలతో సాగనంపే డ్యూటీ తిరుపతిలో పడితే, అది ముగించుకొని చంద్రగిరికి వెళ్ళేవాణ్ణి. పెట్టె ఆ మూల దించి, లోపలికి అడుగు పెట్టకుండా నిలబడాలి. అక్క చెంబుతో నీళ్ళు తెచ్చి నా కాళ్ళ మీద పోసేది. పక్క సందులోంచి పెరట్లోకి వెళ్ళి స్నానం చేశాకే అన్నం. పెట్టె మాత్రం తెల్లారేదాకా బయటే. ఎవడైనా ఎత్తుకుపోతే సర్కారుకు ఎవరు జవాబు చెప్తారని నేను గొణిగేవాణ్ణి. దాన్ని ఎత్తుకుపోయేంత తెలివితక్కువ దొంగ చంద్రగిరిలో లేడనేది అక్క.

ఇదంతా బావ కోసం. బావది గుడి కొలువు. తెల్లవారుజామున స్వామిని మేల్కొలపడం మొదలుకొని రాత్రి తలుపులు వేసేదాకా ఆయన నాదస్వరం మోగాలి. అది ఇంట్లో దేవుడి గూటి పక్కన పట్టు సంచిలో వేలాడేది. చావు దగ్గర మోగిన వాయిద్యమూ అదీ ఒకే కప్పు కింద ఉండకూడదు. ఈ కట్టుబాటు పెట్టింది బావ కాదు, మా నాయన. బావ నాయన దగ్గరే నేర్చుకున్నాడు, నాయన కూతుర్నే చేసుకున్నాడు. నాయన నన్నూ ఎదురుగా కూర్చోబెట్టాడు గానీ నాకు ఊపిరి ఉన్నంతగా ఓపిక లేదు. క్లారినెట్ పట్టుకొని పోలీసు బ్యాండులో చేరిపోయాను. కొడుక్కి గవర్నమెంటు ఉద్యోగం వచ్చిందని ఊరంతా అంటుంటే, వాడు చావు మేళంలో చేరినాడని నాయన చెప్పుకున్నాడు. పోయేదాకా ఆ మాట మార్చుకోలేదు.

అందువల్ల బావా నేనూ ఎన్నడూ కలిసి వాయించలేదు. అక్కకు అదొక కొరత. ఆడపిల్ల అని నాయన ఆమెకు నాదస్వరం పీక అందించలేదు గానీ, ఆయన పాఠం చెప్పేటప్పుడు శ్రుతిపెట్టె దగ్గర కూర్చున్నది ఆమే. ఏ రాగం ఎక్కడ వంగాలో, ఎక్కడ నిలవాలో ఆమెకు మా ఇద్దరికన్నా బాగా తెలుసు. వంటింట్లోంచే బావ తప్పు పట్టేది. ఇంట్లో ఊదేవాళ్ళు ఇద్దరున్నారు, కలిసి ఊదింది పొయ్యి మాత్రమేనని నలుగురిలో అనేది. మేమిద్దరం ఆ మాటకు నవ్వి ఊరుకునేవాళ్ళం.

రిటైరైనాక చిత్తూరులో ఊరికే కూర్చోలేక ఒక బ్యాండు కట్టాను. పెళ్ళి బ్యాండుల్లో వాయించే వాళ్ళు, నాతోపాటు రిటైరైన పోలీసు బ్యాండు వాళ్ళు, చర్చిలో ట్రంపెట్ వాయించే అన్నదమ్ములు. క్లారినెట్ పెట్టెలో పెట్టేసి, చిన్న కర్ర పట్టుకొని వాళ్ళ ముందు నిలబడ్డాను. మామిడి సీజను లేనప్పుడు మండీలో ఒక షెడ్డు ఖాళీగా ఉంటుంది, అందులో సాధన. మూల గడ్డి, పేర్చిన ప్లాస్టిక్ ట్రేలు, పోయినేటి తోతాపురి వాసన. సీజను మొదలయ్యే నాటికి మేము మూటా ముల్లే సర్దుకోవాలి.

వాళ్ళను దారిలో పెట్టడానికి నా తల ప్రాణం తోకకొచ్చింది. పెళ్ళి బ్యాండు వాళ్ళకు రెండు అలవాట్లు ఒంట్లో జీర్ణించుకుపోయి ఉంటాయి. పాట ఒకటే అయినా ఎవడికి వాడు ఒక మెలిక తగిలించడం మొదటిది. రెండోది, ఏం జరిగినా పాట ఆగకూడదు. ముందు వాయించేవాడికి దగ్గొచ్చినా, పీక ఊడినా, పక్కవాడు వెంటనే అందుకోవాలి. ఊరేగింపులో మేళం ఆగితే పెళ్ళివాళ్ళు ఊరుకోరు, దాన్ని అపశకునం కింద లెక్కేస్తారు. నేను తిట్టి, అరిచి, ఒకసారి కర్ర విరగ్గొట్టి, మొదటి అలవాటు కొంత మాన్పించాను. రెండోది మాన్పించాల్సిన అవసరం అప్పటికి నాకు రాలేదు.

శ్రీకాళహస్తి దాటినాక తడ వైపు చైనావాళ్ళు నడిపే బూట్ల కంపెనీ ఒకటుంది. ఒకరోజు అక్కణ్ణుంచి మేనేజరమ్మ ఒకావిడ, మాట తిరగేసి చెప్పడానికి మనవాడొకతనూ మా షెడ్డుకు వచ్చారు. ఆ కంపెనీని మొదట నిలబెట్టిన పెద్దాయన వాళ్ళ దేశంలో చనిపోయాడట. మనకు మహాలయ పక్షం ఉన్నట్టే వాళ్ళకు ఎండాకాలం మొదట్లో పోయినవాళ్ళను తలుచుకునే రోజు ఉంటుందట. ఆ రోజు కంపెనీలో ఒక సభ పెట్టి, బ్యాండు చేత వాళ్ళ దేశపు సంగీతం ఒకటి వాయించాలని ఆవిడ కోరిక. ఆవిడ కూడా చిన్నప్పుడు బడి బ్యాండులో క్లారినెట్ వాయించిందట. కుర్చీ వేస్తే కూర్చోకుండా గడ్డి మీద కాగితాలన్నీ పరిచింది. ఎవరు ఏం వాయించాలో వరసలు వరసలుగా రాసి ఉంది.

పైవరస మాత్రం మాకు తెలియని వాయిద్యానిది. ఆవిడ ఫోనులో వినిపించింది. వినగానే మావాళ్ళందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అచ్చం మన సన్నాయే. కొంచెం ఎక్కువ గీరగా, కొంచెం ఎక్కువ గట్టిగా. వాళ్ళ పల్లెల్లో ఆ పీక లేనిదే పెళ్ళి జరగదు, చావూ జరగదు. అదే మనిషి, అదే పీక, ఈరోజు పల్లకి ముందు, రేపు పాడె ముందు. పాట కూడా రెండు భాగాలు. మొదటిది పెళ్ళికూతుర్ని తీసుకుపోయే దారి, రెండోది శవాన్ని తీసుకుపోయే దారి.

నేను కాగితాలు ఇంటికి తెచ్చుకొని మంచం మీద పరుచుకున్నాను. మొదటి భాగం మన మోహన రాగమే. ఐదే స్వరాలు. రెండో భాగం కూడా అవే ఐదు స్వరాలు. ఒక్కటి ఎక్కువ లేదు, ఒక్కటి తక్కువ లేదు. నిలిచే చోటు మాత్రం షడ్జమం మీది నుంచి రిషభం మీదికి జరిగింది. అంతమాత్రానికే పెళ్ళి చావైపోయింది. మన లెక్కలో అలా జరిపితే అది మధ్యమావతి అవుతుంది. మేళం వాళ్ళ ఇంట్లో పుట్టిన ఎవరికైనా మధ్యమావతి అంటే ముగింపు, మంగళం. అంతకుముందు ఏ తప్పు దొర్లినా అది కడిగేస్తుందని నాయన చెప్పేవాడు. బావ గుళ్ళో ప్రతి రాత్రీ దాంతోనే ముగిస్తాడు. మనం శుభంగా మూసేదాన్ని పట్టుకొని వాళ్ళు ఏడుస్తున్నారు. నాకు ఆ రాత్రి నిద్ర సరిగా పట్టలేదు.

ఆ పైవరస క్లారినెట్‌కు ఇస్తే పేలవంగా ఉంది, ట్రంపెట్‌కు ఇస్తే పోలీసు పెరేడులా ఉంది. నాదస్వరమే కావాలి. బావ నాదస్వరం రెండున్నర శ్రుతి, మా బ్యాండు ఈ-ఫ్లాట్‌కు చక్కగా అతుకుతుంది. అడగడానికి నాకు నోరు రాలేదు. అక్క చేతనే అడిగించాను.

ఆపాటికి అక్కకు కిడ్నీలు పాడై ఏడాది దాటింది. వారంలో మూడు రోజులు తిరుపతిలో రక్తం శుద్ధి చేయించుకోవాలి. బావ ఉదయం సేవ ముగించుకొని, ఆమెను ఆటోలో తీసుకెళ్ళి, సాయంత్రం సేవకు తిరిగొచ్చేవాడు. ఆ రోజుల్లో ఆయన ముఖంలోకి చూడాలంటే నాకు కష్టంగా ఉండేది. ఎవరి మీద అరవాలో తెలియక నేను ఆటోవాళ్ళతో కిరాయి దగ్గర తగువు పెట్టుకునేవాణ్ణి.

అక్క మాట మీద బావ నా ఫోనులో ఆ పాట విన్నాడు. మొదటి భాగానికి తల ఊపాడు. పల్లకి బోయీల నడక ఆ తాళంలో బాగా పట్టినారన్నాడు. రెండో భాగం మొదలయ్యాక కాసేపు విని, ఫోను బోర్లా పెట్టేశాడు.

"ఇది మధ్యమావతి గదప్పా. దీంతో పీనిగను మోస్తారా వాళ్ళు?"

వాళ్ళ ఆచారం వాళ్ళది, అక్కడ అదే మర్యాద అని చెప్పి చూశాను. గుళ్ళో వాయించే నాదస్వరంతో కాదు, వేరే పాత నాదస్వరంతో వాయించమన్నాను. బావ కోప్పడలేదు. కోప్పడితే నాకు సుళువయ్యేది. పెళ్ళి భాగం వాయిస్తాను, రెండోది మాత్రం నా వల్ల కాదని లేచి గుడికి వెళ్ళిపోయాడు.

అక్క మాత్రం ఆ పాట వదల్లేదు. తన ఫోనులోకి ఎక్కించుకుంది. ఆసుపత్రిలో ఆ యంత్రం పక్కన పడుకొని చెవిలో అదే పెట్టుకునేది. అదీ రెండో భాగమే. ఒకరోజు నేనూ బావా ఇద్దరం ఆమె మంచం దగ్గరే ఉన్నాం. చెవిలోంచి తీసి, పాట బయటికే పెట్టింది. పక్క మంచాల వాళ్ళు కూడా విన్నారు. బావ కిటికీ వైపు తిరిగి నిలబడి, మంచం కమ్మీ పట్టుకొని ఉన్నాడు. అక్క నన్ను కళ్ళతోనే పిలిచి ఆయన చెయ్యి చూపించింది. కమ్మీ మీద ఆయన వేళ్ళు ఒక్కొక్కటే లేస్తున్నాయి, మూస్తున్నాయి. పాట మొత్తం ఆ వేళ్ళకు వచ్చేసింది.

"నోటికి రాదంటాడు గానీ యేళ్ళు వాయిస్తా ఉండాయి సూడు," అంది అక్క.

బావ చెయ్యి తీసేసి జేబులో పెట్టుకున్నాడు. అప్పుడు అక్క ఆయన వైపే చూస్తూ, ఏ తొందరా లేకుండా చెప్పింది.

"ఏమయ్యా, పుట్టినప్పటినుంచి మేళం మధ్యనే బతికినాను. నన్ను ఎత్తుకపోయేటప్పుడు మాత్రం మేళం ఉండదు. పలక డప్పులు కొడతారు, అంతే. ఆ చైనావోళ్ళకి ఉంటాదంట. నాకు అప్పుడు ఎట్టాగూ ఇనపడదు. ఉండేటప్పుడే ఒకసారి నీ నోట ఇనిపించు."

నర్సు వచ్చి గొట్టాలు సరిచేసి వెళ్ళింది. చివరికి ఆయన అన్న మాట ఇది:

"జబ్బు మనిషిని ఇంట్లో పెట్టుకోని ఆ పాట వాయిస్తే, రా అని పిల్సినట్టే. నేను పిలవను."

అక్క ముఖం తిప్పుకుంది. నాకు బావ మీద ఒళ్ళు మండింది. చచ్చిపోతానని తెలిసిన మనిషి అడిగితే శకునాలు చూస్తావా అని లోపల్లోపల తిట్టుకున్నాను. తర్వాత ఆలోచిస్తే అర్థమైంది. మా అందరిలో ఆమె బతుకుతుందని నమ్ముతున్నది ఆయనొక్కడే. ఆ పాట వాయించడమంటే ఆ నమ్మకం వదిలేయడమే.

ఆ మాఘంలో మూఢం వచ్చి ముహూర్తాలు లేవు. పెళ్ళి బ్యాండు వాళ్ళందరికీ పని లేదు కాబట్టి రోజూ షెడ్డుకు వచ్చేవాళ్ళు. మేనేజరమ్మ మళ్ళీ ఒకసారి వచ్చి మా సాధన వింది. మర్యాదగా అంతా విని, ఏదో చెప్పింది. మాట తిరగేసేవాడు తటపటాయించాడు. అందరూ మరీ ఒకేలా వాయిస్తున్నారట. వాళ్ళ పల్లె మేళంలో పాట ఒకటే అయినా ఎవరి మెలిక వాళ్ళదట, ఆ చిన్న చిన్న తేడాల్లోనే దాని రుచి ఉంటుందట. ట్రాంబోన్ వాడు నన్ను చూడకుండా నవ్వుకున్నాడు. నేను కర్ర విరగ్గొట్టి మాన్పించిందే ఇప్పుడు మళ్ళీ చేయమని చెప్పాలి. చెప్పాను. అరగంటలో వాళ్ళకు పాత ప్రాణం తిరిగొచ్చింది. నాకు ఒక పక్క సిగ్గు, ఒక పక్క సంతోషం.

రెండో భాగం మొదలు మాత్రం నాకే లొంగలేదు. అక్కడ తాళం లేదు. కింద బ్యాండు ఒక స్వరం పట్టుకొని నిలబడి ఉంటుంది, పైన పీక తన ఇష్టం వచ్చినంత సేపు ఆలాపన చేసుకుంటుంది. పీక ఊపిరి తీసుకున్నప్పుడే కింద స్వరం మారాలి. కర్ర పట్టుకున్నవాడు కొట్టకూడదు, కాచుకొని ఉండాలి. జీవితమంతా ఎడమ కుడి అని నడిచినవాణ్ణి. నా చెయ్యి ఖాళీగా గాలిలో నిలబడితే ఎవరో వెనక నుంచి నెడుతున్నట్టే ఉండేది.

అక్క ఒకసారి సాధన చూస్తానంది. ఆమెను అంత దూరం తీసుకురావడం బావకు ఇష్టం లేదు, అయినా తీసుకొచ్చాడు. తన నాదస్వరం కూడా తెచ్చాడు. గుడిది కాదు, నాయన ఇచ్చిన పాతది. షెడ్డులో ప్లాస్టిక్ కుర్చీ వేసి, దాని మీద దుప్పటి మడిచి అక్కను కూర్చోబెట్టాం. కాళ్ళు వాచి చెప్పులు పట్టడం లేదు. మా వాళ్ళందరూ లేచి నిలబడ్డారు.

ఆ రోజు మొదటిసారిగా బావా నేనూ కలిసి వాయించాం. ఆయన నోట మోహనం, నా చేతిలో కర్ర. పెళ్ళి భాగంలో బావ ఎక్కడ ఎంత నిలుస్తాడో నాకు చూడనక్కర్లేదు, చిన్నప్పుడు నాయన ఎదురుగా పక్కపక్కన కూర్చున్న వాళ్ళం కదా, ఆయన ఊపిరి నాకు తెలుసు. షెడ్డు రేకులు అదిరాయి. బయట హమాలీలు పని ఆపి గుమ్మంలో నిలబడ్డారు. అక్క కళ్ళు మూసుకొని తొడ మీద తాళం వేస్తోంది. ఆమె ముఖంలో అంత తేట నేను చాలా కాలంగా చూడలేదు.

మొదటి భాగం అయిపోయింది. చిన్న గంట మోగింది, మేనేజరమ్మ ఇచ్చి వెళ్ళిన కంచు గంట. బ్యాండు రెండో భాగపు కింది స్వరం పట్టుకుంది. నేను బావ వైపు చూశాను. బావ నాదస్వరాన్ని నోటి దాకా తెచ్చాడు. పీకను పెదాలకు ఆనించాడు కూడా. తర్వాత దించి, తుడిచి, సంచిలో పెట్టుకొని, టీ తాగొస్తానని బయటికి నడిచాడు.

ఏం చెయ్యాలో తెలియక నేను కర్ర దించలేదు. బ్యాండు కింది వరసలే వాయిస్తూ పోయింది. పైన ఏమీ లేదు. గంట మోగింది, డ్రమ్ము మీద గుడ్డ కప్పిన దెబ్బ పడింది, పైన మాత్రం ఏమీ లేదు. అక్క కళ్ళు తెరిచి చివరిదాకా విన్నది. నేను దగ్గరికి వెళ్ళి, బావ వాయించకపోతే ఆ వరస ట్రంపెట్‌కు ఇస్తానులే, నువ్వు కంపెనీకే వచ్చి విందువుగానీ అన్నాను. ఆమె వద్దంది.

"ఆ సందు అట్టనే ఉంచు అబ్బోడా. వాయిస్తే ఆయనే వాయించాల. లేదంటే ఖాళీగానే ఉండనీ. ఇంగొకరి చేత పూడ్చొద్దు."

చంద్రగిరి చేరినాక, ఆటో దిగేటప్పుడు, ఆమె అడగకుండానే, చూద్దాంలే అని బావే అన్నాడట. ఆ ఒక్క మాట ఆమె నాకు ఫోన్ చేసి మరీ చెప్పింది. ఉగాది పోయినాక, ఇంట్లో కాదు, కోట వెనక పక్క కొండ దగ్గర ఎవరూ లేనిచోట వాయిస్తాడేమో అని ఆశపడింది. నేనూ ఆశపడ్డాను.

ఉగాదికి ముందే పోయింది. ఉదయం సేవకు బావ గుడికి వెళ్ళినప్పుడు, స్నానానికి నీళ్ళు పెట్టుకొని పొయ్యి దగ్గరే ఒరిగిపోయింది. పక్కింటివాళ్ళు గుడికి కబురు పంపారు. చావు కబురు వినగానే అక్కడే మేళం ఆపేయాలి, అంటు మొదలైపోతుంది. బావ సగంలో ఆపి, నాదస్వరాన్ని డోలు వాయించే ఆయన చేతికిచ్చి, ఇంటికి నడిచొచ్చాడు.

చిత్తూరు నుంచి మా బ్యాండు వాళ్ళందరూ వచ్చారు. ఎవరూ పిలవలేదు. వాయిద్యాలు వెంట తెచ్చుకొని ఊరి బయటే ఉంచారు, ఒక మాట చెప్తే వాయిస్తామని. నేను బావ దగ్గరికి వెళ్ళి అడిగాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. అక్క చెప్పినట్టే పలకలు కొట్టారు, అంతే. నేను పాడె పట్టుకొని నడిచాను. జీవితంలో ఎన్ని శవాల వెనక వాయించానో నాకే తెలియదు. నా సొంత అక్క వెనక ఒక స్వరం లేదు. దుఃఖం కన్నా ముందు నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో చెప్పలేని కోపం.

పెళ్ళయిన అక్క కాబట్టి నా అంటు మూడో రోజుతో తీరిపోయింది. బావకు దినాలు అయ్యేదాకా గడప దాటే పని లేదు. కంపెనీ సభ ఆ మధ్యలోనే పడింది. మేనేజరమ్మకు నాదస్వరం ఉండదని, ఎందుకు ఉండదో కూడా చెప్పించాను. ఆవిడ సభ మానుకోవాలా అని అడిగించింది. అక్కర్లేదన్నాను.

కంపెనీ భోజనశాలలో సభ. పెద్దాయన ఫొటో, ముందు నారింజలు, అగరొత్తులు. ఒకే రంగు చొక్కాలు వేసుకొని పనిచేసే ఆడపిల్లలు వరసగా నేల మీద కూర్చున్నారు. పెళ్ళిళ్ళ ఎర్రకోట్లు వేసుకోవడానికి మనసొప్పక మావాళ్ళందరినీ తెల్ల చొక్కాలు తొడుక్కోమన్నాను. తెలుపే వాళ్ళకు చావు రంగని తర్వాత తెలిసింది. నాదస్వరం వాయించేవాడు నిలబడాల్సిన చోట మైకు స్టాండు అలాగే ఉంచమన్నాను.

పెళ్ళి భాగం మాత్రం బావకు బదులు మా కార్నెట్ వాడు, పెళ్ళి బ్యాండుల మనిషి, వాయించాడు. బాగానే వాయించాడు. గంట మోగింది. బ్యాండు కింది స్వరం పట్టుకుంది. నేను చెయ్యి ఎత్తి కాచుకున్నాను.

లేని నాదస్వరం కోసం కాచుకోవడం అంత కష్టమని నేననుకోలేదు. బావ ఊపిరి ఎక్కడ ఆగుతుందో నా లోపలే వినాలి, అక్కడ కింది స్వరం మార్చాలి. మొదటి ఊపిరి గడిచింది. మార్చాను. రెండోది నడుస్తుండగా కార్నెట్ వాడు మెల్లగా పై పాట అందుకున్నాడు. వాడి తప్పు కాదు. పుట్టి బుద్ధెరిగిన కాడి నుంచి మేళం ఆగకూడదనే నేర్చుకున్నాడు, పక్కవాడు పడిపోతే వాడి పాట భుజాన వేసుకోవడమే వాడికి తెలిసిన మంచితనం. ముందే అందరికీ చెప్పి ఉన్నా, ఆ ఖాళీని వాడి నోరు ఓర్చుకోలేకపోయింది. నేను వాడి వైపు చూశాను. కోపంగా చూసి ఉండను, అయినా వాడు కార్నెట్ దించేసి తల వంచుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి.

ఇంతలో మైకువాడు పరిగెత్తుకొచ్చాడు. పాట వినబడటం లేదని, మైకు పోయిందనుకున్నాడు. స్టాండు దగ్గర వంగి టక టక కొట్టాడు. ఆ దెబ్బలు హాలంతా మోగాయి. వైరు లాగి చూశాడు, మళ్ళీ కొట్టాడు. మేనేజరమ్మ లేచి వచ్చి అతని భుజం మీద చెయ్యి వేసి పక్కకు తీసుకెళ్ళింది. తర్వాత చివరిదాకా ఎవరూ కదల్లేదు. నేను చెయ్యి దించాక చప్పట్లు కొట్టాలో వద్దో ఆ పిల్లలకు తెలియలేదు. కొట్టలేదు. అదే మంచిదైంది.

మర్నాడు పొద్దున చంద్రగిరి వెళ్ళాను. ఆటో దిగి, చేతిలో ఉన్న సంచి, కాగితాలూ కర్రా ఉన్న సంచి, అరుగు మీద స్తంభం మూల పెట్టి నిలబడ్డాను. చావు పాట వాయించి వచ్చాను కదా. అలా ఎంతసేపు నిలబడ్డానో. నీళ్ళ చెంబు రాలేదు. లోపల చీకట్లోంచి బావ నన్ను చూస్తున్నాడని ఆలస్యంగా గమనించాను.

"రా అప్పా లోపలికి. ఈ ఇంటికి ఇంగ ఏం అంటు ఉండాది," అన్నాడు.

గడప దగ్గరే కూలబడి ఏడ్చాను. ఆమె పోయినరోజు రాని ఏడుపు అప్పుడు వచ్చింది. బావ నా పక్కన కూర్చున్నాడు. సభ ఎట్లా జరిగిందని అడగలేదు. కాసేపటికి, ఆ సందు అట్టనే ఉంచినావా అని మాత్రం అడిగాడు. అక్క ఆ మాట ఆయనకూ చెప్పిందని అప్పుడే నాకు తెలిసింది. ఉంచినాను అన్నాను.

దినాలు అయ్యాయి. బావ మళ్ళీ కొలువులో చేరాడు. మామిడి సీజను రావడంతో మేము షెడ్డు ఖాళీ చేశాం. ముహూర్తాలు మొదలై మావాళ్ళు పెళ్ళిళ్ళకు వెళ్ళిపోయారు. మళ్ళీ షెడ్డు ఖాళీ అయినా నాకు ఎవరినీ పిలవాలనిపించలేదు.

అప్పుడప్పుడు సాయంత్రం పూట గుడికి వెళ్ళి, బావ కొలువు ముగిసేదాకా మండపంలో కూర్చుంటాను. వాయింపులో ఏ లోటూ లేదు. ఇంకా పదునెక్కిందని వినేవాళ్ళు అంటారు. కానీ చివర మాత్రం మధ్యమావతి రాదు. సౌరాష్ట్ర రాగంతో ముగించి, సంచి కట్టేస్తాడు. సౌరాష్ట్రమూ మంగళానికి పనికొచ్చేదే కాబట్టి అర్చకులు గానీ, ట్రస్టువాళ్ళు గానీ ఏమీ అనరు. అసలు ఎవరూ గమనించినట్టు లేదు. నాయన ఉంటే గమనించేవాడు. అక్క అయితే వంటింట్లోంచే అరిచేది.

ఒకరోజు ఇద్దరం గుడి నుంచి ఇంటికి నడుస్తున్నాం. ఎన్నాళ్ళని ఇట్లా, మధ్యమావతి ఎందుకు వదిలేశావని అడిగాను. ఇప్పుడు అది కూడా అపశకునమేనా అని కొంచెం కటువుగానే అడిగాను. ఆయన నాదస్వరం సంచిని ఆ భుజం నుంచి ఈ భుజానికి మార్చుకున్నాడు.

"శకునం కాదప్పా. అడిగినామెకే వాయించలేదు. ఇంగ దేవుడికి మాత్రం ఏ మొగం పెట్టుకోని వాయించేది?"

ఇల్లు వచ్చింది. అరుగు మీద స్తంభం మూల ఖాళీగా ఉంది. బావ తాళం తీసి దీపం వేశాడు.